అంగడి బోర్డు, చదివేవారి దూరం

స్మారకోపన్యాసానికి సాహిత్యమో చరిత్రో రాజ్యాంగమో ఎంచుకోవడం ఆనవాయితీ. ఈ సాయంత్రం నేను ఎంచుకున్నది దుకాణం నెత్తిన ఉండే పేరు బోర్డు. విషయం అల్పమనిపించవచ్చు. కానీ ఆ బోర్డు మీద పెత్తనం చేసే చట్టాలను వరసగా పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఏ భాషలో రాయాలో కార్మిక శాఖ చెబుతుంది. ఎంత ఎత్తున కట్టాలో, ఎంత రుసుము చెల్లించాలో పురపాలక సంఘం చెబుతుంది. రోడ్డు మీదికి ఎంతవరకు రావచ్చో రోడ్ల నిబంధనలు చెబుతాయి. డాక్టరు బోర్డయితే వైద్య మండలి నియమాలు వేరే ఉన్నాయి. పైగా జనం వచ్చిపోయే చోటు అందరికీ అందుబాటులో ఉండాలని దివ్యాంగుల హక్కుల చట్టం శాసిస్తోంది. ఇంతమంది పట్టించుకుంటున్న ఈ బోర్డును రోడ్డు అవతల నిలబడ్డ మనిషి చదవగలుగుతున్నాడా అన్న ప్రశ్న మాత్రం వీటిలో దాదాపు ఎక్కడా కనిపించదు. నా వాదన అంతా ఈ ఒక్క లోపం చుట్టూనే. మన నియమాలు బోర్డును కొలుస్తున్నాయి. చదివేవారి కంటికీ బోర్డుకీ మధ్య ఉన్న దూరాన్ని అవి కొలవాలి. కొలత అలా మారితే తెలుగు కోరేవారికీ, దివ్యాంగుల హక్కులు కోరేవారికీ కావలసింది చాలావరకు ఒక్క నియమంలోనే దొరుకుతుందని నా నమ్మకం.

బోర్డు దుకాణదారు సొంతం కదా, తన డబ్బుతో తన గోడకు పెట్టుకున్నది ఎవరికి కనబడితే ఏమిటి, కనబడకపోతే ఏమిటి అని ఎవరైనా అడగవచ్చు. కనబడకపోతే నష్టపోయేది ఆయనే కదా అని కూడా అనవచ్చు. మన ఊళ్లలో చిరునామా ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ మాట నిలవదు. హైదరాబాదు ఇంటి నంబరు వార్డు, బ్లాకు, ఇల్లు, ఆ ఇంటి కింద భాగాలు అంటూ గీతలతో, అడ్డగీతలతో సాగుతుంది. అది పన్ను వసూలుకు పనికొస్తుందేమోగాని దారి చూపదు. అందుకే శుభలేఖ మీదైనా కొరియర్ కవరు మీదైనా చిరునామా చివర ‘ఫలానా స్వీటు షాపు ఎదురుగా’, ‘ఫలానా బ్యాంకు పక్క సందులో’ అన్న తోక తప్పదు. విజయవాడలోనూ వరంగల్లోనూ ఇదే తీరు. ఆటో డ్రైవరుకు చెప్పేది ఆ తోకే, అంబులెన్సుకు ఫోన్ చేసినవారు చెప్పేదీ ఆ తోకే. అంటే ఆ స్వీటు షాపులో కాణీ ఖర్చు పెట్టనివారు కూడా రోజూ దాని బోర్డును వాడుకుంటున్నారు. పురపాలక సంఘం పెట్టాల్సిన వీధి పలకల పనిని సగానికి పైగా దుకాణాల బోర్డులే చేస్తున్నాయి. సొంత గోడ మీద ఉన్నా బోర్డు చేసే పని ఊరిది. ఊరి పని చేసే వస్తువు మీద ఊరికి కొంత హక్కు ఉంటుంది.

ఇప్పుడున్న నియమాలు ఏం కొలుస్తున్నాయో చూద్దాం. భాషతో మొదలుపెడతాను. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో వచ్చిన దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో చేసిన నియమాలు సంస్థ పేరు బోర్డు తెలుగులో ఉండాలన్నాయి. విడిపోయాక రెండు రాష్ట్రాలకూ ఆ వారసత్వం దక్కింది. దాన్ని ఎంతమంది పాటిస్తున్నారో తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు, ఏ పెద్ద బజారులోనైనా తలెత్తి నడిస్తే చాలు. పొరుగు రాష్ట్రాలు ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లాయి. మహారాష్ట్రలో దుకాణాలు మరాఠీ బోర్డులు పెట్టుకోవడానికి సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో రెండు నెలల గడువిచ్చింది. కర్ణాటక 2024లో చట్టాన్ని సవరించి బోర్డులో 60 శాతం కన్నడం ఉండాలంది. తమిళనాడులో తమిళానికి, ఇంగ్లీషుకు, ఇతర భాషలకు 5:3:2 నిష్పత్తి ఉంది. ఈ చట్టాల వెనక ఉన్న ఆవేదన న్యాయమైనదే. తన ఊళ్లో తన భాష బోర్డు మీద కనబడాలని కోరుకోవడంలో తప్పేముంది? నా పేచీ అవి వాడే కొలబద్దతో. శాతం, నిష్పత్తి అనేవి బోర్డు లోపల రెండు భాషల మధ్య పంపకం. ఆ పంపకం పూర్తయ్యాక కూడా రెండు భాషల్లో ఏ ఒక్కటీ పది గజాల దూరానికి అందకపోవచ్చు. చట్టం మాత్రం తృప్తిగా ఉంటుంది.

పురపాలక సంఘం కొలబద్ద వేరు. దానికి కావలసింది వైశాల్యం, ఎందుకంటే రుసుము వైశాల్యం మీద ఆధారపడుతుంది. తర్వాత కావలసింది భద్రత. భద్రతను నేను తక్కువ చేయడం లేదు. 2024 మే 13న ముంబై ఘాట్‌కోపర్‌లో గాలివానకు కూలిన హోర్డింగ్ కింద 17 మంది చనిపోయారు. నలభై అడుగులకు నలభై అడుగుల హోర్డింగులకే అనుమతి ఉండే నగరంలో అది 120 అడుగులకు 120 అడుగులుంది. తెలంగాణ పురపాలక శాఖ 2020లో నేల నుంచి 15 అడుగుల ఎత్తు దాటి ప్రకటనలు పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మంచి ఉత్తర్వే. భారతీయ రోడ్ కాంగ్రెస్ 1972లోనే రోడ్డు పక్క ప్రకటనల మీద ఒక విధానం రాసింది, కూడళ్లకు ఇంత దూరంలో ఉండాలని అందులో చెప్పింది. అయితే వీటన్నిటికీ పెద్ద హోర్డింగులు, డ్రైవరు దృష్టి మళ్లించే ప్రకటనలే లక్ష్యం. కిరాణా కొట్టు బోర్డు, మందుల షాపు బోర్డు, రెండో అంతస్తులో ఉన్న దంత వైద్యుడి బోర్డు వీటి దృష్టికి రావు. వచ్చినా చదరపు అడుగుల లెక్కలోనే వస్తాయి.

మిగిలింది దివ్యాంగుల చట్టం. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ‘పబ్లిక్ బిల్డింగ్’ అన్న మాటను చాలా విశాలంగా నిర్వచించింది. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వ్యాపారం కోసమైనా, జనం వాడే భవనం ప్రతిదీ అందులోకి వస్తుంది. 44వ సెక్షన్ ప్రకారం అందుబాటు నియమాలు పాటించని కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు, పూర్తయినట్టు ధ్రువపత్రమూ ఇవ్వకూడదు. 89వ సెక్షన్ తొలి ఉల్లంఘనకు పది వేల రూపాయల వరకు, ఆ తర్వాతి వాటికి యాభై వేల నుంచి అయిదు లక్షల వరకు జరిమానా పెట్టింది. కాగితం మీద ఇంతకంటే గట్టి చట్టం ఏముంటుంది? కానీ ఆ నియమాలు రాసిన తీరులో కిటుకు ఉంది. ఈ చట్టం కింద 2017లో చేసిన నియమాల్లో 15వది వివిధ శాఖల మార్గదర్శకాలను చూపించి ఊరుకుంది. మార్గదర్శకం అంటే పాటిస్తే మంచిది, పాటించకపోతే అడిగేవారు లేరు. చూపు లేని రాజీవ్ రాతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పు ఈ కిటుకును పట్టుకుంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నియమం ఐచ్ఛికం చేయకూడదంటూ ఆ 15వ నియమాన్ని కొట్టేసింది. అందరూ కచ్చితంగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. బోర్డు సంగతికి వస్తే నాకు ఇంకో సందు కూడా కనిపిస్తోంది. 44వ సెక్షన్ తనిఖీ జరిగేది భవనం పూర్తయిన రోజున. ఆ రోజుకు షట్టర్ల మీద గోడ ఖాళీగా ఉంటుంది. బోర్డు ఆ తర్వాత వస్తుంది, రెండేళ్లకోసారి మారుతుంది, అద్దెకున్నవారు మారినప్పుడల్లా మారుతుంది. భవనాన్ని చూసే చట్టానికి బోర్డు ఎప్పుడూ చిక్కదు.

చూపు విషయంలో మన దగ్గర గట్టి ఆధారమే ఉంది. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పది వేల మందికి పైగా కళ్లు పరీక్షించి ఒక అధ్యయనం చేసింది. అందులో అంధత్వం 1.84 శాతం మందిలో తేలింది. అంధత్వం దాకా పోకుండా ఒక మోస్తరుగా చూపు తగ్గినవారు 8.09 శాతం. రెండూ కలిపితే పది మందిలో ఒకరు. వీరిలో ఎక్కువమందికి కారణం అద్దాలు లేకపోవడమో కంటి శుక్లమో. ఆ తర్వాత శుక్లాల ఆపరేషన్లు బాగా పెరిగాయి, నిజమే. జనంలో ముసలివారి వంతూ పెరిగింది. కాబట్టి చూపు తక్కువవారంటే ఎక్కడో ప్రత్యేక పాఠశాలలో ఉండే కొద్దిమంది అనుకోవడానికి వీల్లేదు. మందుల చీటీ పట్టుకుని షాపు వెతుక్కునే వయసువాళ్లే వీరు.

కంటి డాక్టరు గోడ మీద చార్టు ఒక సూత్రం మీద నడుస్తుంది. 6/6 అనే మామూలు చూపు ఉన్నవారు అక్షరాన్ని పోల్చుకోవాలంటే ఆ అక్షరం కంటి దగ్గర అయిదు నిమిషాల కోణం చేయాలి. ఒక డిగ్రీలో నిమిషాలు అరవై. అరవై అడుగుల దూరానికి, అంటే ఒక మోస్తరు రోడ్డు అవతలికి, ఈ లెక్క వేస్తే అక్షరం ఎత్తు 2.7 సెంటీమీటర్లు. చూపు 6/18 అయితే మూడింతలు, అంటే 8 సెంటీమీటర్లు. 6/60 అయితే పదింతలు, 27 సెంటీమీటర్లు. ఇది చార్టు ముందు నిలబడి, మంచి వెలుతురులో, కళ్లు చికిలించి అతికష్టం మీద పోల్చుకునే హద్దు. నడుస్తూ, ఎండలో, తీరిక లేకుండా చదవడానికి ఇంకా పెద్దది కావాలి. ఇంకో సంగతి, ఆ చార్టు అక్షరాలు సాదా గీతల ఇంగ్లీషు అక్షరాలు.

తెలుగు లిపి గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే బోర్డు నియమాలు రాసేవారు ఎవరూ దీన్ని పట్టించుకున్నట్టు కనబడదు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు ఒకటే అంతస్తు. తెలుగు అక్షరానికి మూడు. నడుమ అసలు అక్షరం, పైన గుడి, ఏత్వం, తలకట్టు, కింద వత్తులు. మన బజార్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పేర్లలో ఒకటైన ‘లక్ష్మీ’నే తీసుకోండి. ఆ రెండో అక్షరంలో క కింద ష వత్తు, మ వత్తు, పైన గుడి దీర్ఘం. అడుగు ఎత్తున్న పట్టీలో ఇంగ్లీషు పేరు రాస్తే అక్షరం దాదాపు అడుగంతా నిండుతుంది. అదే పట్టీలో ఈ పేరు పట్టాలంటే నడుమ అక్షరానికి మిగిలేది సుమారు సగం. అంటే రెండు భాషలకూ సమానమైన ఎత్తు ఇచ్చామని చట్టం సంతోషపడే చోట తెలుగు సగం సైజులో ఉంటుంది. దీనికి తోడు మన అక్షరాల మధ్య తేడాలు చాలా చిన్నవి. ప ఎడమ వైపు తెరిచి ఉంటే వ మూసుకుని ఉంటుంది. ద, ధ తేడా అడుగున ఒక చిన్న గీత. మ, వు ఒకదానికొకటి కవలలు. హ ను పా అనుకోవడం మామూలు. దూరం పెరిగేకొద్దీ, చూపు తగ్గేకొద్దీ ముందుగా మాయమయ్యేవి ఈ చిన్న ఖాళీలే.

వీటికి డీటీపీ టేబుల్ దగ్గర ఇంకో ఆపద ఎదురవుతుంది. దుకాణం పేరు పొడుగు, బోర్డు పొట్టి. ఆపరేటరు పేరును ఎంచుకుని మౌసుతో పక్కల నుంచి లోపలికి నొక్కుతాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆ నొక్కుడును కొంతవరకు తట్టుకుంటాయి. గుండ్రని సున్నాల మీద నిలబడ్డ తెలుగు అక్షరాలు తట్టుకోలేవు. లోపలి ఖాళీలు చీలికలవుతాయి, నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు లావుగానే ఉంటాయి. దాని చుట్టూ తెల్లటి అంచు, ఆ అంచుకు నల్లటి నీడ, వెనక పూల బొమ్మ. చేత్తో రాసే రోజుల్లో పెయింటర్ నిచ్చెన దిగి రోడ్డు అవతలికి వెళ్లి చూసుకునేవాడు. ఫ్లెక్సీ, ఏసీపీ అనే అల్యూమినియం షీటు మీద అక్రిలిక్ అక్షరాలు వచ్చాక దుకాణదారు బోర్డును ఆమోదించేది జేబులో ఫోన్ మీద. అరచేతిలో చూసి ఒప్పుకున్నది అరవై అడుగుల నుంచి ఎలా ఉంటుందో కట్టేవరకు ఎవరికీ తెలియదు. పాత పెయింటర్లను తిరిగి తెచ్చుకుందామని నేననడం లేదు. ఆ అవతలికి వెళ్లి చూసుకునే అలవాటును నియమంలోకి తెచ్చుకోవచ్చు.

రంగుల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను. అక్షరం, వెనకతలం రెంటి వెలుగుల మధ్య తేడాను నిష్పత్తిగా లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది, వెబ్‌సైట్ల అందుబాటు ప్రమాణాల్లో దాన్ని వాడతారు. మామూలు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలంటారు. తెర మీది నిండు రంగులతో లెక్కగడితే నలుపు మీద పసుపు 19 దాటుతుంది, నీలం మీద ఎరుపు 2.15 దగ్గర ఆగుతుంది, తెలుపు మీద పసుపు 1.07. మన పెళ్లిమండపాల బోర్డుల్లో ఎరుపు, నీలం కలయిక ఎంత ఇష్టమో మీకు తెలుసు. రాత్రి వేళ ఇబ్బంది ఇంకొకటి. కంటి శుక్లం మొదలైనవారికి తీవ్రమైన కాంతి కంటిలోపల చెదిరిపోతుంది, మితిమీరిన ఎల్‌ఈడీ వెలుగులో అక్షరం తన చుట్టూ ఉన్న కాంతిలోనే కరిగిపోతుంది. బోర్డు ఎంత వెలిగితే అంత కనబడుతుందన్నది అందరి విషయంలో నిజం కాదు.

దూరాన్ని కొలిచే నియమం సాధ్యమా అంటే, ఒకచోట ఇప్పటికే ఉంది. అమెరికాలో 1990 నాటి దివ్యాంగుల చట్టం కింద 2010లో వచ్చిన ప్రమాణాలు అక్షరం ఎత్తును రెండు అంశాలతో ముడిపెట్టాయి. బోర్డు ఎంత ఎత్తున ఉంది, చదివేవారు ఎంత దూరంలో ఉన్నారు. బోర్డు పది అడుగులకు పైన ఉంటే 21 అడుగుల దూరం వరకు అక్షరం కనీసం 3 అంగుళాలు, ఆపైన ప్రతి అడుగు దూరానికీ అంగుళంలో ఎనిమిదో వంతు కలుపుకుంటూ పోవాలి. అరవై అడుగులకు లెక్కేస్తే దాదాపు 8 అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్లు. మనం కంటి చార్టుతో వేసిన లెక్కలో 8కి, 27కి నడుమ పడుతుంది. గదుల తలుపుల పక్కన తడిమి చదివే ఉబ్బెత్తు అక్షరాలు, బ్రెయిలీ నేల నుంచి నాలుగు, అయిదు అడుగుల మధ్యే ఉండాలని కూడా ఆ ప్రమాణాలు చెబుతాయి. అయితే ఒక నిజం దాచకూడదు. కంపెనీ పేర్లకు, లోగోలకు ఆ ప్రమాణాలు మినహాయింపునిచ్చాయి. అక్కడ వీధి పేరు, భవనం నంబరు వరసగా ఉంటాయి, దారి చూపే పని దుకాణం పేరు మీద పడదు. మన దగ్గర ఆ పని పేరు మీదే పడింది కాబట్టి సూత్రాన్ని తీసుకోవాలి, మినహాయింపును వదిలేయాలి. నడుమ అక్షరం ఎత్తునే కొలవాలని, గుడులూ వత్తులూ లెక్కలోకి రావని తెలుగుకు ప్రత్యేకంగా రాసుకోవాలి. ఈ ఒక్క వాక్యం తెలుగుకు చేసే మేలు అరవై శాతం చట్టం చేయలేదు.

అక్షరాలే రానివారి మాట ఏమిటి? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67 శాతం. ఏడేళ్లు దాటినవారిలో ముగ్గురికి ఒకరు ఏ భాష బోర్డునూ చదవలేని స్థితి అప్పటిది. బోర్డు భాష మీద జరిగే వాదాల్లో వీరి ప్రస్తావన రాకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. వీరికి కావలసింది గుర్తు. క్షౌరశాల మీద కత్తెర, కళ్లద్దాల షాపు మీద అద్దాలు, ఇవి చట్టం చెప్పకుండానే బజారు తనంతట తాను కనిపెట్టుకున్న అందుబాటు. ఇక్కడ చట్టం చేసిన పని ఒకటుంది, దాన్నీ ఎవరూ పాటించరు. తెల్లటి నేల మీద ఎర్ర శిలువ గుర్తును క్లినిక్కులు, మందుల షాపులు వాడకూడదని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం నిషేధించింది, ఎందుకంటే అది యుద్ధరంగంలో వైద్య సేవకు రక్షణ చిహ్నం. జరిమానా అయిదు వందల రూపాయల వరకు. అలాగే డాక్టర్లు అసాధారణంగా పెద్ద బోర్డు పెట్టకూడదని, మందుల షాపు మీద తమ బోర్డు తగిలించకూడదని వైద్య మండలి 2002 నియమావళి చెబుతుంది. ఎర్ర శిలువ నిషేధం న్యాయమైనదే. కానీ నిషేధించిన గుర్తుకు బదులు చదువురానివారు ఆస్పత్రిని దేనితో గుర్తుపట్టాలో ఊరూరా ఒకేలా చెప్పే నియమం పెట్టకపోతే, పాతదాన్నే జనం వదలరు.

కంటితో చదవనివారి సంగతి ఇంకొంచెం వేరు. తెల్లకర్ర పట్టి నడిచేవారికి బోర్డు సమాచారం కాకముందు అడ్డంకి అవుతుంది. ఫుట్‌పాత్ మీద నిలబెట్టిన స్టాండీ, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన చిన్న బోర్డు, వంగిన ఇనుప చట్రం. కర్ర నేల నుంచి సుమారు 27 అంగుళాల లోపు ఉన్నదాన్నే పసిగడుతుంది. దానికి పైన, తలకు కింద ఉన్నది నుదుటికి తగిలాకే తెలుస్తుంది. అందుకే అమెరికా ప్రమాణాలు 27 నుంచి 80 అంగుళాల మధ్య గోడ నుంచి 4 అంగుళాలకు మించి ఏదీ పొడుచుకు రాకూడదంటాయి. భారతీయ రోడ్ కాంగ్రెస్ కూడా పాదచారికి 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలని చెబుతూనే ఉంది. ఫుట్‌పాతే లేని వీధికి ఈ మాట వినబడదనుకోండి, అది వేరే ఉపన్యాసం.

అభ్యంతరాల్లో బలమైనది ఖర్చు. చిన్న కొట్టు నడుపుకునేవారి మీద ఇంకో భారమా? దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ నేను చెప్పినవాటిలో డబ్బు అడిగేవి ఎన్ని? అక్షరం పెద్దది చేయడానికి ఫ్లెక్సీ ధర పెరగదు, ముద్రణకు లెక్క చదరపు అడుగులే. అక్షరాన్ని నొక్కకుండా ఉంచడానికి, ముదురు నేల మీద లేత రంగు ఎంచుకోవడానికి రూపాయి అదనం కాదు. చోటు చాలదంటారా? సగటు కిరాణా కొట్టు బోర్డును చూడండి. మూడొంతులు కూల్‌డ్రింకు సీసా, ఓ మూల ఫోన్ నంబర్లు, అడుగున సన్నటి పట్టీలో కొట్టు పేరు. బోర్డు ఖర్చు కంపెనీది, అందుకే చోటూ కంపెనీదే. పేరుకు కనీస ఎత్తు ఉండాలన్న నియమం ఉంటే ఆ బేరంలో కొట్టువాడికి బలం చేకూరుతుంది. ఉన్న బోర్డులు ఉన్నట్టే ఉండనిచ్చి, కొత్తది కట్టినప్పుడే నియమం వర్తింపజేస్తే సరిపోతుంది. ఎండకూ వానకూ ఫ్లెక్సీ ఎన్నాళ్లు నిలుస్తుంది కనుక! ఉబ్బెత్తు అక్షరాలు, బ్రెయిలీ మాత్రం ఖర్చుతో కూడినవి. వాటిని చిన్న కొట్టును అడగకూడదు. హోటళ్లు, ఆస్పత్రులు, మాల్స్, బ్యాంకులు, లిఫ్టులున్న భవనాలను అడగాలి. బ్రెయిలీ తెలియనివారూ చాలామంది ఉన్నారు కనుక తడిమి చదివే మామూలు అక్షరాలు కూడా పక్కనే ఉండాలి.

రెండో అభ్యంతరం ఇనస్పెక్టర్ల గురించి. ఇంకో నియమం అంటే ఇంకో చెయ్యి చాచడం అని వ్యాపారులు అనుకుంటే వారిని తప్పుపట్టలేం. ‘సముచితంగా’, ‘స్పష్టంగా’ అన్న మాటలతో రాసిన నియమం అలాగే ముగుస్తుంది, ఎందుకంటే సముచితం ఏదో తేల్చేది వచ్చిన అధికారి. దూరం, ఎత్తు టేపుతో కొలవగలిగేవి. ట్రేడ్ లైసెన్సు ఏటా రెన్యువల్ చేయిస్తారు కదా, ఆ దరఖాస్తుకు రోడ్డు అవతలి నుంచి తీసిన ఫొటో ఒకటి, నడుమ అక్షరం ఎత్తు ఎంతో ఒక అంకె జతచేస్తే చాలు. బోర్డు తయారుచేసే దుకాణం కూడా బిల్లు మీద ఆ అంకె రాయగలదు. ఇక ఫోన్లో మ్యాపు ఉండగా బోర్డెందుకు అనేవారున్నారు. మ్యాపు వీధి దాకా తెస్తుంది. ఆ వీధిలో ఏ మెట్లు ఎక్కాలో, ఏ షట్టరు పక్క సందులోంచి పోవాలో చెప్పేది బోర్డే. పైగా బోర్డు అవసరం ఎక్కువగా ఉన్నవారే ఫోన్‌కు దూరంగా ఉన్నవారు.

అందం పోతుంది, బ్రాండుకు తనదైన అక్షరముద్ర ఉంటుంది అన్న మాట మిగిలింది. ఎత్తుకు, వెలుగు తేడాకు హద్దు పెడుతున్నామే తప్ప అక్షరం వంపుల మీద ఎవరూ చెయ్యి వేయడం లేదు. భాషాభిమానుల వైపు నుంచి ఒక అనుమానం రావచ్చు, చదివేవారి లెక్కలోకి వెళ్తే తెలుగు తప్పనిసరి అన్నది వెనక్కి పోతుందేమోనని. తెలుగు తప్పనిసరిగానే ఉండాలి. అయితే చదివేవారు ఎవరన్న ప్రశ్న వేసినప్పుడు హైదరాబాదు పాతబస్తీలో ఉర్దూ చదివేవారు కూడా లెక్కలోకి వస్తారు. తెలంగాణ 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది, ఆంధ్రప్రదేశ్ 2022లో చేసింది. నాలుగు భాషలు కుక్కిన బోర్డు ఏదీ చదవనివ్వదు కాబట్టి ఆ వీధిలో ఎవరు నడుస్తారో దాన్ని బట్టి రెండో భాషను ఎంచుకునే వెసులుబాటు ఉండాలి.

కేంద్రం రాసే ప్రమాణాలు ఎలా ఉన్నా బోర్డు దగ్గరికి వచ్చేసరికి అమలు చేయాల్సింది పురపాలక సంఘమే. ఆ సంఘం మొదలుపెట్టాల్సింది వ్యాపారుల దగ్గర కాదు, ప్రభుత్వ కార్యాలయాల దగ్గర. దివ్యాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఉన్న పబ్లిక్ భవనాలన్నిటినీ నియమాలు వచ్చిన అయిదేళ్లలో అందుబాటులోకి తేవాలి, 2017 జూన్ నుంచి లెక్కేస్తే ఆ గడువు 2022 జూన్‌లోనే ముగిసింది. వార్డు కార్యాలయం, తహసీల్దారు కార్యాలయం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బోర్డుల మీద పథకం పేరు, ముఖ్యుల ఫొటోలు, ప్రారంభోత్సవం తేదీ పోగా కార్యాలయం పేరుకు ఎంత చోటు మిగిలిందో ముందు అక్కడే టేపు పెట్టి కొలవాలి. ఏ గది ఏ పనికో తలుపు పక్కన తడిమి చదివేలా ఉందో లేదో చూడాలి. ఆ కొలతల పట్టికను ఆ కార్యాలయం గోడ మీదే అంటించాక దుకాణాలకు నోటీసులు పంపితే వ్యాపారి దగ్గర అడగడానికి ప్రశ్న మిగలదు.